ట్రైలరుకు బ్రేకు ఉంటే చాలదు

వేప్పనపల్లి నుంచి కృష్ణగిరి వైపు దారి మొత్తం మీద దిగుడు. మార్కండేయ నది ఎటు పారుతుందో బరువు బండ్లూ అటే దిగాలి. జూన్, జూలై నెలల్లో ఆ దిగుడు మీద మామిడికాయ కదులుతుంది. తమిళనాట బెంగళూరా అనీ, కుప్పం అవతల తోతాపురి అనీ పిలిచే కాయ తోటల్లోంచి మండీలకూ గుజ్జు ఫ్యాక్టరీలకూ పోతుంది. దూరప్రయాణానికి లారీలున్నా, తోట నుంచి బయటికి తెచ్చేది ట్రాక్టరు ట్రైలరే. మిగతా ఏడాదంతా అదే ట్రైలరు ఇటుక, ఇసుక, పెంట ఎరువు, పశువుల మేత మోస్తుంది. వీటిలో చాలా ట్రైలర్లకు బ్రేకులే లేవు. ఉన్నవాటిలో కూడా పనిచేసేవి తక్కువ.

కొత్త ట్రైలరు చేయించుకోవడానికి వెల్డింగు షెడ్డుకు వెళ్లిన రైతు ముందు ఇప్పుడు ఒక ప్రశ్న నిలుస్తోంది: హైడ్రాలిక్ డ్రమ్ము బ్రేకులు పెట్టించాలా, అక్కర్లేదా? పెట్టించాలనేవాళ్ల దగ్గర గట్టి కారణాలున్నాయి. వద్దనేవాళ్ల కారణాలు కూడా తీసిపారేయదగ్గవి కావు. రెండు వైపులా విన్నాకే ఒక మాటకు రావడం న్యాయం.

ముందు ఈ బ్రేకు పని ఎలా ఉంటుందో చూద్దాం. చక్రంతోపాటు తిరిగే ఇనుప డ్రమ్ము, దాని లోపల కదలకుండా ఉండే బ్యాక్ ప్లేటు, దానికి అమర్చిన రెండు బ్రేకు షూలు, ఆ షూల మీద లైనింగు. పైన చిన్న వీల్ సిలిండరు. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరు లోని ఆయిలు మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడి పైపుల గుండా అన్ని వీల్ సిలిండర్లకూ ఒకే తీరుగా చేరుతుంది. పాస్కల్ 17వ శతాబ్దంలో చెప్పిన సూత్రం ఇదే. పిస్టన్లు షూలను తోస్తాయి, లైనింగు డ్రమ్మును పట్టుకుంటుంది, కాలు తీస్తే స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి. లూయీ రెనో 1902లో ఆధునిక డ్రమ్ము బ్రేకుకు రూపమిచ్చాడు. దానిని ద్రవంతో నడిపే పద్ధతి 1920ల తొలినాళ్లలో అమెరికాలో కార్లకు వచ్చింది. వందేళ్లుగా లోకం వాడుతున్న పనిముట్టు ఇది, కొత్త ప్రయోగం కాదు.

పెట్టించాలనేవాళ్ల వాదన లెక్కతో మొదలవుతుంది. ట్రాక్టరు బరువు 2 టన్నులు, సరుకుతో కలిపి ట్రైలరు 6 టన్నులు అనుకుందాం. ట్రాక్టరు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. హుక్కు మీద పడే బరువు కలుపుకుంటే ఆ చక్రాల మీద ఉండేది సుమారు 2.2 టన్నులు. పొడి రోడ్డు మీద టైరు పట్టు ఆ బరువులో 60 శాతం అనుకుంటే, 8 టన్నుల బండిని ఆపడానికి దొరికే బలం 1.3 టన్నులే. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో వస్తున్న బండి సమతల రోడ్డు మీద బ్రేకు పట్టాక ఆగడానికి దాదాపు 21 మీటర్లు తీసుకుంటుంది. ట్రైలరు బ్రేకులు ఇంకో 2 టన్నుల బలం ఇస్తే అదే బండి 9 మీటర్ల లోపు ఆగుతుంది.

ఇప్పుడు దిగుడు కలుపుదాం. వంద మీటర్లకు 6 మీటర్లు దిగే రోడ్డు మీద బ్రేకు లేని ట్రైలరుతో 33 మీటర్లు దాటుతుంది. బ్రేకు ఉంటే 10 మీటర్లు. వాన పడి టైరు పట్టు సగానికి తగ్గిందనుకుంటే, బ్రేకు లేని ట్రైలరుతో ఆ దిగుడు మీద 150 మీటర్లు దాటినా బండి ఆగదు. ట్రైలరు బ్రేకుల బలం కూడా సగమే అనుకున్నా, బ్రేకులున్న బండి 25 మీటర్ల లోపు ఆగుతుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలే. బండిని బట్టి, టైర్లను బట్టి అంకెలు మారతాయి. అయినా రెంటి మధ్య తేడా చిన్నది కాదని తెలియడానికి ఇవి చాలు.

ఆగే దూరం ఒక్కటే కాదు. దిగుట్లో ఎద్దుల మెడ మీదికి బండి తోసుకొచ్చినట్టు, బ్రేకు లేని ట్రైలరు ట్రాక్టరును వెనక నుంచి నెడుతుంది. మలుపులో ఆ తోపు పక్కకు తిరిగితే ట్రాక్టరు అడ్డం తిరిగి, ట్రైలరు దాని మీదికి మడుచుకొస్తుంది. ట్రాక్టరుకు ఎడమ, కుడి బ్రేకు పెడళ్లు విడివిడిగా ఉంటాయి. పొలంలో చివర తిప్పుకోవడానికి అది సౌకర్యం. రోడ్డెక్కేటప్పుడు రెంటినీ కలిపే కొక్కెం వేయడం మరిస్తే, ఒక్క పెడలు తొక్కినంత మాత్రాన ఈ మడత వేగంగా జరిగిపోతుంది. ట్రైలరుకు సొంత బ్రేకు ఉంటే ఆ తోపు చాలా మటుకు పుట్టిన చోటే ఆగుతుంది.

‘చిన్న గేరులో దించితే ఇంజనే పట్టుకుంటుంది గదా’ అని చాలామంది అంటారు. ఆ మాట సగం నిజం. చిన్న గేరులో దిగడం తప్పనిసరి. బ్రేకులున్న ట్రైలరుకైనా అదే పద్ధతి. న్యూట్రల్‌లో దించేవాడు తన ప్రాణంతో పాటు ఎదుటివాడి ప్రాణం కూడా పణంగా పెడుతున్నాడు. కానీ ఇంజను పట్టు కూడా రోడ్డుకు చేరేది ట్రాక్టరు వెనక టైర్ల ద్వారానే. టైర్ల పట్టు జారితే ఇంజను పట్టు కూడా జారుతుంది. సేలం దారిలో తొప్పూరు కనుమ, పలమనేరు దగ్గర మొగిలి కనుమ బరువు బండ్లకు ఎంత ప్రమాదకరమో ఈ ప్రాంతం లారీ డ్రైవర్లకు తెలుసు. ఆరేసి చక్రాలకూ పదేసి చక్రాలకూ బ్రేకులున్న బండ్లకే అక్కడ అంత కష్టమైతే, ట్రాక్టరుకున్న రెండు చక్రాల బ్రేకులతో 8 టన్నుల బండిని దించడం సరైన లెక్క కాదు.

ఇక వద్దనేవాళ్ల మాట. వాళ్లు ప్రాణం విలువ తెలియక వద్దనడం లేదు. చాలామంది ఒకసారి పెట్టించుకుని, విసిగి, పైపులు పీకేసినవాళ్లే.

వాళ్ల మొదటి కారణం వాడకం. ట్రైలరుకు బరువు పని ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా కాలం చెట్టు కింద ఎండకూ వానకూ నిలబడి ఉంటుంది. మామూలు బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు వీల్ సిలిండరు లోపల తుప్పు పట్టిస్తుంది, పిస్టను బిగుసుకుపోతుంది. ఈశాన్య రుతుపవనాల వానల తర్వాత చూస్తే కొన్నిసార్లు లైనింగు డ్రమ్ముకే అతుక్కుని ఉంటుంది. రోజూ తిరిగే జీపుకు రాని జబ్బు నిలబెట్టిన ట్రైలరుకు వస్తుంది.

రెండోది చేతులు మారడం. పల్లెలో ట్రైలరు ఒకరిది, ట్రాక్టరు ఇంకొకరిది కావడం మామూలే. ఒక ట్రాక్టరులో పెడలుకు కలిపిన మాస్టర్ సిలిండరు ఉంటుంది. ఇంకొకదానిలో ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలుతోనే పనిచేసే వాల్వు ఉంటుంది. మూడోదానిలో ఏదీ ఉండదు. పైపు మూతి కలవకపోతే ఎంత ఖర్చు పెట్టిన బ్రేకైనా ఆ రోజుకు పనికిరాదు.

ఇందులోనే ఇంకో ప్రమాదం ఉంది. డాట్ 3, డాట్ 4 అనే గ్లైకాల్ బ్రేకు ఆయిలు వేరు, ట్రాక్టరు గేరుబాక్సులో పోసే ఖనిజ నూనె వేరు. ఒకదానికి పనికొచ్చే రబ్బరు కప్పులు రెండోదానికి పనికిరావు. బ్రేకు ఆయిలు సిస్టంలో ఒకసారి ఇంజనాయిలో, హైడ్రాలిక్ ఆయిలో పోస్తే కప్పులు ఉబ్బి బిగుసుకుంటాయి. ఆ తర్వాత కడిగితే సరిపోదు. రబ్బరు సామానంతా మార్చాల్సిందే.

మూడోది పొలం. బురదలోనూ, నీళ్లు నిలిచిన గనుల్లోనూ తిరిగే ట్రైలరు డ్రమ్ములోకి మట్టి చేరుతుంది. మట్టి లైనింగునూ డ్రమ్మునూ గీరేస్తుంది. హబ్బు ఆయిల్ సీలు పాడైతే బేరింగు గ్రీజు షూల మీద పడుతుంది. గ్రీజు తాగిన లైనింగు ఆ వైపు పట్టదు, రెండో వైపు పడుతుంది, ట్రైలరు ఒక పక్కకు లాగుతుంది. ‘సగం పట్టే బ్రేకు కంటే అసలు లేనిదే మేలు’ అనే మాట పుట్టింది ఇక్కడే. దానిలో నిజం ఉంది.

నాలుగోది నాకు అన్నిటికంటే బరువైన అభ్యంతరంగా తోస్తుంది. బ్రేకు ఉందన్న ధీమాతో డ్రైవరు ఇంకో రెండు వరసల బస్తాలు ఎక్కిస్తాడు, ఇంకో గేరు పైకి వేస్తాడు. పైగా ట్రాక్టరు ప్రమాదాలన్నీ బ్రేకుల వల్ల జరిగేవి కావు. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. అలాంటి చావులకు మొదటి కారణం సరుకు మోసే తొట్టిలో మనుషులను ఎక్కించడం. దాన్ని ఏ బ్రేకూ సరిచేయదు. ట్రైలరు బ్రేకు గురించి మాట్లాడేవాళ్లు ఈ మాటను దాటేసి పోకూడదు.

బ్రేకు కావాలి గానీ హైడ్రాలిక్ వద్దు అనేవాళ్లూ ఉన్నారు. కడ్డీతోనో కేబులుతోనో లాగే మెకానికల్ బ్రేకుకు ఆయిలు గొడవ లేదు, ఊళ్లోనే బాగుచేసుకోవచ్చు. కానీ కేబులు తుప్పు పడితే, సాగితే రెండు చక్రాలకూ సమానంగా లాగడం కష్టం. లారీల్లో ఉండే గాలి బ్రేకు బలమైనది. దానికి కంప్రెసరు, ట్యాంకు కావాలి, మన ట్రాక్టర్లలో చాలావాటికి అవి లేవు. యూరప్‌లో వ్యవసాయ వాహనాల బ్రేకుల మీద 2015లో వచ్చిన నిబంధనలు కొత్త ట్రైలర్లకు ఒంటి పైపు హైడ్రాలిక్ పద్ధతిని తప్పించి, రెండు పైపుల పద్ధతి వైపు నడిపించాయి. కారణం సులువే: ఉన్న ఒక్క పైపు తెగితే బ్రేకు మొత్తం పోతుంది. మన దగ్గర అంత దూరం ఆలోచించే ముందు, ఉన్న ఒక్క పైపును బాగా చూసుకోవడం నేర్చుకోవాలి.

రెండు వైపుల వాదనలూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. పెట్టించాలనేవాళ్లు చెప్పేది బ్రేకు పనిచేసేటప్పటి మాట. వద్దనేవాళ్లు చెప్పేది చూసుకోనప్పటి మాట. ఈ రెంటి మధ్య దూరం డబ్బుది కాదు, మెయింటెనెన్సుది. వీల్ సిలిండరు రబ్బరు కిట్లు, లీటరు ఆయిలు, ఒక జత లైనింగు కలిపినా ట్రైలరు టైరు ఖరీదంత కాదు. కావలసింది ఏడాదికి రెండు మూడుసార్లు ఒక పూట సమయం, సరైన పద్ధతి.

ఆ పద్ధతిలో మొదటి పాఠం అడ్జస్టుమెంటు. హైడ్రాలిక్ బ్రేకు ఒత్తిడిని సమానంగా పంచుతుంది గానీ, షూకూ డ్రమ్ముకూ మధ్య సందును పంచదు. లైనింగు అరిగేకొద్దీ ఆ సందు పెరుగుతుంది. ఏ ఒక్క చక్రంలో సందు ఎక్కువైనా, ఆ షూ డ్రమ్మును తాకేదాకా ఆయిలంతా అటే పోతుంది, మిగతా చక్రాల్లో కూడా ఒత్తిడి లేవదు. పెడలు కింద దాకా పోతుంది, బండి ఆగదు. ట్రైలరు ముందుకు తోసుకొచ్చే బలంతోనే పనిచేసే ఓవర్‌రన్ బ్రేకుల్లో ఇది ఇంకా ప్రమాదం. ఆ హుక్కులోని పిస్టను కదిలే దూరం తక్కువ. సందు పెరిగితే షూలు పట్టకముందే అది చివరికి చేరిపోతుంది.

పని ఇలా చేయాలి. సమతల నేల మీద ట్రైలరు ఖాళీ చేసి నిలిపి, అవతలి చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. జాకీతో ఇరుసు లేపాక గట్టి దిమ్మె ఆనించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి వెళ్లకూడదు. డ్రమ్ములు చల్లగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టాలి. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. బేరింగు ప్లే ఉంటే దాన్ని సరిచేశాకే బ్రేకు జోలికి పోవాలి. బ్యాక్ ప్లేటు వెనక రబ్బరు మూత తీస్తే పళ్ల చక్రంలాంటి అడ్జస్టరు కనిపిస్తుంది. స్క్రూడ్రైవరుతో దాన్ని ఒక్కో పన్నూ తిప్పుతూ, చేత్తో చక్రం తిరగనంత వరకూ బిగించాలి. తోడున్న మనిషి రెండుసార్లు గట్టిగా బ్రేకు తొక్కితే షూలు డ్రమ్ము మధ్యలో సర్దుకుంటాయి. సందు మిగిలితే మళ్లీ బిగించాలి. తర్వాత అడ్జస్టరును వెనక్కి తిప్పుతూ, చక్రం స్వేచ్ఛగా తిరిగి, లోపల సన్నగా రాసుకునే చప్పుడు మాత్రమే వినిపించే దగ్గర ఆపాలి. అవతలి చక్రానికి కూడా అదే పట్టు, అదే చప్పుడు రావాలి.

మరీ బిగుతుగా వదిలితే దారి పొడుగునా షూ రాసుకుంటూ డ్రమ్ము కాగుతుంది. కాగిన డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. పొడుగాటి దిగుట్లో బ్రేకు పోయిందనిపించేది చాలాసార్లు ఈ వేడి వల్లే. ఆయిలులో నీరు చేరి ఉంటే ఆ వేడికి మరిగి ఆవిరి అవుతుంది. ఆవిరి నలిగిపోతుంది గానీ ఒత్తిడిని మోయదు. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. తేమ పట్టిన తర్వాత ఆ హద్దులు 140కీ 155కీ పడిపోతాయి. అందుకే రెండేళ్లకోసారి ఆయిలు మార్చాలని మెకానిక్ చెప్తే అది అదనపు ఖర్చు రాబట్టుకోవడానికి చెప్పిన మాట కాదు.

పెడలు స్పాంజిలా మెత్తగా ఉంటే లోపల గాలి ఉంది. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి, ఒకరు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు వీల్ సిలిండరు నిపుల్ వదులు చేస్తూ, బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. మధ్యలో డబ్బాలో ఆయిలు అయిపోకుండా చూడాలి. తొక్కి పట్టుకుంటే పెడలు మెల్లగా కిందికి జారితే ఎక్కడో లీకుంది, లేదా మాస్టర్ సిలిండరు కప్పు పోయింది. పెడలు గట్టిగా ఉండి కూడా బండి ఆగకపోతే లైనింగు మీద గ్రీజో ఆయిలో పడింది, లేదా లైనింగు కాలి గాజులా నునుపెక్కింది. గ్రీజు తాగిన లైనింగును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం పొదుపు కాదు, మార్చాలి. మార్చేటప్పుడు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. రివెట్లు డ్రమ్మును తాకే దాకా ఆగితే డ్రమ్ము కూడా పోతుంది. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ములోని పొడిని గాలి పంపుతో ఊదకూడదు, నోటితో అసలే ఊదకూడదు. తడి గుడ్డతో తుడవాలి.

తనంతట తానే సర్దుకునే ఆటో అడ్జస్టర్లు వేయించుకోవచ్చు గదా అనే ప్రశ్న వస్తుంది. మరిచిపోయే మనిషికి అవి మంచివే. కానీ వాటిలో కొన్ని రకాలు రివర్సులో బ్రేకు వేసినప్పుడే పనిచేస్తాయి. ట్రైలరుకు ఆ అవసరం అరుదు. మట్టి పట్టి బిగుసుకుంటే అవి పనిచేయడం లేదన్న సంగతి కూడా తెలియదు. మన వాడకానికి చేత్తో తిప్పే అడ్జస్టరే నమ్మకమైనదని నా అభిప్రాయం. దానికి ఒక తేదీ పెట్టుకోవాలి, అంతే. మామిడి కోత మొదలయ్యే ముందు ఒకసారి, సీజను మధ్యలో ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి. ట్రైలరు నిలబెట్టి ఉంచే నెలల్లో కూడా నెలకోసారి ట్రాక్టరుకు తగిలించి నాలుగుసార్లు బ్రేకు తొక్కితే పిస్టన్లు బిగుసుకోవు.

చట్టం వైపు నుంచి కూడా ఒక మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 96వ నిబంధన బ్రేకుల గురించే. వ్యవసాయ ట్రైలర్లకు భారత ప్రమాణాల సంస్థ వారి ప్రమాణమూ ఉంది. ఊరి షెడ్డులో పాత లారీ ఇరుసుతో తయారయ్యే ట్రైలరును వీటి ముందు నిలబెట్టి చూసేవాళ్లు తక్కువ. అలాగని దారి లేక కాదు, తమిళనాడు బ్రేకుల తయారీకి పేరున్న చోటు. బ్రేక్స్ ఇండియా 1962లో, రాణె బ్రేక్ లైనింగ్ 1964లో చెన్నైలో మొదలయ్యాయి. హోసూరులో లారీలూ మోటారు సైకిళ్లూ తయారవుతున్నాయి. సామాను దొరకని చోటు కాదిది, బాగుచేసే చేతులు లేని చోటూ కాదు. హోసూరు ఫ్యాక్టరీల్లో పని నేర్చుకుని వచ్చిన కుర్రాళ్లు చుట్టుపక్కల చాలా పల్లెల్లో ఉన్నారు.

కాబట్టి నా తీర్పు ఇది. సొంత పొలం హద్దు దాటని, సమతల నేల మీద చిన్న బరువుతో మెల్లగా తిరిగే ట్రైలరుకు హైడ్రాలిక్ బ్రేకు కోసం అప్పు చేయనక్కర్లేదు. తారు రోడ్డెక్కి, టన్నుల బరువుతో, వేప్పనపల్లి లాంటి దిగుడు దారుల్లో తిరిగే ట్రైలరుకు బ్రేకు లేకపోవడం ఏ లెక్కనా సమర్థించుకోలేనిది. పెట్టించేవాళ్లు ఒక షరతు మీద పెట్టించాలి: దాన్ని చూసుకునే మనిషి ఎవరో, చూసుకునే తేదీ ఏదో ముందే తేల్చుకోవాలి. ఆ రెండూ లేకపోతే వద్దనేవాళ్లు చెప్పిందే నిజమవుతుంది.

ట్రైలరు అద్దెకిచ్చే అన్నలకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ఏ ఆయిలు పోశారో ఆయిలు డబ్బా మూత మీద పెయింటుతో రాయించండి. ఏ ట్రాక్టరుకు పైపు కలుస్తుందో ఇచ్చేటప్పుడే చెప్పండి. కలవని ట్రాక్టరుకు తగిలిస్తే ఆ రోజు బరువు సగం చేయమనండి, మనుషులను తొట్టిలో ఎక్కించవద్దని గట్టిగా చెప్పండి. ఈ ఏడాది కోత మొదలు కాకముందే ఒక ఆదివారం జాకీ, స్క్రూడ్రైవరు తీసుకుని రెండు చక్రాలూ లేపి చూడండి.